బిగిస్తే నడుం నొప్పి, వదిలితే నిద్ర

ఇంటి సంగతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

చిన్న ఇళ్ళలో రాత్రి పడకల గురించి కిందటి సంచికలో రాస్తూ హ్యామక్ మాట ఒక్క ముక్కలో చెప్పి వదిలేశాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దాని మీదే. కోనసీమ నుంచి కొన్ని, భీమవరం, పాలకొల్లు వైపు నుంచి కొన్ని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం. ఊయల అంటే మన వైపు మండువాలో గొలుసులకు వేలాడే ఉయ్యాల బల్ల గుర్తొస్తుంది, లేదంటే చంటిపిల్లల చీర ఉయ్యాల. ఇక్కడ చెబుతున్నది ఆ రెండూ కాదు. పది పదకొండు అడుగుల గుడ్డనో వలనో రెండు కొసలా కుచ్చుగా ముడిచి, ఎదురెదురుగా రెండు కొక్కేలకు తగిలించే పడక. కింద ఊయల అన్నచోటల్లా అదే అనుకోండి.

ప్రశ్న: మాది రెండు గదుల ఇల్లు. ఎనిమిదికి పది గదిలో మంచం వేస్తే బీరువా తలుపు తెరుచుకోదండి. అందుకని ఆన్‌లైన్లో గుడ్డ ఊయల తెప్పించి, ఒక కొస కిటికీ ఊచలకీ, రెండో కొస ఎదురు గోడకి దిగ్గొట్టిన చీలకీ కట్టాం. మంచంలా చదునుగా ఉండాలని ఇద్దరం పట్టి బాగా లాగి కట్టాం. రెండు రాత్రులకే నడుం పట్టేసింది, భుజాలు రెండు పక్కలా నొక్కేస్తున్నాయి. మూడో రోజు చీల ఊడి చేతికొచ్చింది. లోపం గుడ్డదా, మాదా?
— ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: గుడ్డది కాదండి. లాగి కట్టడమే లోపం. నడుం నొప్పీ, చీల ఊడటమూ రెండూ దాన్నుంచే వచ్చాయి.

ముందు చీల సంగతి. తాడు ఎంత అడ్డంగా ఉంటే గోడ మీద లాగుడు అంత పెరుగుతుంది. 70 కిలోల మనిషి పడుకున్నాడనుకోండి. తాడు అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో తాడు మీద పడేది 70 కిలోలు. వాలు 15 డిగ్రీలకు తగ్గితే 135. 10 డిగ్రీలైతే 200 కిలోలు. మీరు లాగి కట్టినట్టు ఇంచుమించు 5 డిగ్రీల్లో ఉంటే 400 కిలోలు. మనిషి అదే బరువు, గోడకు మాత్రం ఆరింతలు. చీల రెండు రాత్రులు ఆగడమే గొప్ప. కిటికీ ఊచలు కూడా వదిలేయండి. ఊచలున్న చట్రం గోడలో మేకుల మీదో సన్న పట్టీల మీదో నిలబడుతుంది, లోపలికి లాగే బరువు కోసం పెట్టింది కాదు.

ఇక నడుం. లాగి కట్టిన గుడ్డ రెండు అంచులూ బిగుసుకుని పైకి లేస్తాయి, మధ్యలో మనిషి కాయలో గింజలా ఇరుక్కుంటాడు. ఆ అంచులే మీ భుజాలను నొక్కుతున్నాయి. వదులుగా కడితే గుడ్డ లోతుగా దిగుతుంది, దిగిన గుడ్డలో అడ్డంగా పరుచుకోవడానికి చోటు దొరుకుతుంది. అసలు కిటుకు అక్కడుంది: ఊయలలో నిలువుగా పడుకోకూడదు, ఏటవాలుగా పడుకోవాలి. తల మధ్యగీతకు ఒక పక్కకు ముప్పావు అడుగు నుంచి అడుగు దాకా, కాళ్ళు రెండో పక్కకు అంతే. అప్పుడు గుడ్డ వీపు కింద చదునవుతుంది. నిలువుగా పడుకుంటే అరటిపండులా వంగుతారు. ఏటవాలుగా పడుకున్నాక పక్కకు తిరిగి కూడా పడుకోవచ్చు. బోర్లా పడుకునే అలవాటున్నవాళ్ళకు మాత్రం ఊయల పనికిరాదు, ఎలా కట్టినా కుదరదు.

30 డిగ్రీలు ఎలా కొలవాలంటారా? వడ్రంగి లెక్కలో చెప్పాలంటే, అడుగు దూరానికి ఏడు అంగుళాల వాలు. మనిషి పడుకుని ఉండగా చూడాలి, ఖాళీ ఊయలను చూస్తే తెలియదు.

ప్రతి రాత్రీ ఒకేలా రావాలంటే ఇంకో ఏర్పాటుంది. ఊయల రెండు కొసల కుచ్చులనూ కలుపుతూ పైన ఒక సన్న తాడు కట్టండి, సాగని పాలిస్టర్ తాడైతే మంచిది. దాని పొడవు ఊయల పొడవులో నూటికి 83 వంతులు. పదకొండు అడుగుల ఊయలకు 9 అడుగుల ఒకటిన్నర అంగుళాలు, పది అడుగులదానికి 8 అడుగుల మూడున్నర అంగుళాలు. ఈ తాడుంటే గోడలు దూరమున్నా, కొంచెం ఎక్కువ లాగి కట్టినా ఊయల లోతు మారదు. పడుకున్నాక పైకి చెయ్యి చాపి ఆ తాడును రెండు వేళ్ళతో నొక్కి చూడండి. కొంచెం వంగాలి. వీణ తీగలా బిగుసుకుని ఉంటే కొక్కేల దగ్గర గొలుసు ఒకటి రెండు లింకులు వదలాలి. పూర్తిగా వేలాడిపోతుంటే ఒక లింకు బిగించాలి.

మీ గదికి లెక్క ఇది. పది అడుగుల పక్కన కడితే కొక్కేలు నేల నుంచి సుమారు 5 అడుగుల ఎత్తులో రావాలి. మూల నుంచి మూలకు కడితే పన్నెండున్నర అడుగులు దొరుకుతుంది, అప్పుడు కొక్కేలు 5 అడుగుల 9 అంగుళాల దగ్గర. మేమైతే మూలలే ఎంచుకుంటాం. స్లాబు ఇళ్ళలో పిల్లర్లు సాధారణంగా మూలల్లోనే ఉంటాయి, బలం అక్కడుంది. గుడ్డ కొత్తలో కొంత సాగుతుంది కాబట్టి కొక్కేనికీ ఊయలకూ మధ్య అడుగు గొలుసు పెట్టుకుంటే ఎత్తు సరిచేసుకోవచ్చు. మీరు మధ్యలో కూర్చుంటే కుర్చీలో కూర్చున్నట్టు, అంటే నేలకు 18 అంగుళాల ఎత్తులో, పాదాలు పూర్తిగా ఆనాలి. అంతకంటే ఎత్తు వద్దు.

ఇంకొక్కటి. పడుకున్న కాసేపటికి మనిషి కాళ్ళవైపు జారిపోయి, పిక్కల కింద గుడ్డ గట్టులా ఒత్తుకుంటుంది. కాళ్ళవైపు కొక్కేన్ని తలవైపు కంటే ఆరేడు అంగుళాలు ఎత్తులో పెడితే జారడం ఆగుతుంది. మోకాళ్ళు వెనక్కి వంగినట్టు లాగుతుంటే వాటి కింద ఒక తువ్వాలు చుట్టి పెట్టండి. పెద్ద దిండు వద్దు. మెడ కింద పట్టేంత చిన్నది చాలు.

పొద్దున్నే ఒక కొస విప్పి రెండో కొక్కేనికే తగిలించేస్తే గది మొత్తం ఖాళీ. మీ బీరువా తలుపుకు ఇక అడ్డేమీ ఉండదు.

ప్రశ్న: కొక్కెం ఎక్కడ వేయాలి, ఎలా వేయాలి? పైన ఫ్యాను హుక్కు ఖాళీగా ఉంది, దానికి ఒక కొస కట్టొచ్చా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: ఫ్యాను హుక్కుకు కట్టకండి. అది కొన్ని కిలోల ఫ్యాను నిటారుగా వేలాడటానికి పెట్టినది. మనిషి ఒక్కసారి ధబ్బున కూర్చుంటే తాడు మీద బరువు రెట్టింపు దాటుతుంది, అదీ పక్కకు లాగుతుంది.

30 డిగ్రీల వాలులో 70 కిలోల మనిషికి ఒక్కో కొక్కెం మీద కిందికి 35 కిలోలు, గది లోపలికి 60 కిలోలు పడతాయి. అంటే కొక్కేన్ని గోడలోంచి ఊడబెరకడానికే బలం ఎక్కువ. కాబట్టి మొదటి ఎంపిక కాంక్రీటు పిల్లరు, రెండోది కాంక్రీటు బీము. తొమ్మిదంగుళాల ఇటుక గోడ మూడోది, అదీ షరతుతో. నాలుగున్నర అంగుళాల అడ్డగోడ మీద ఏ బోల్టూ వద్దు.

గిలాబు వెనక పిల్లరు ఎక్కడుందో పైకి తెలియదు. డ్రిల్లు పెట్టినప్పుడు రాలే పొడి చూడండి. మొదటి అర అంగుళం, ముప్పావు అంగుళం గిలాబు కాబట్టి బూడిద రంగు పొడే వస్తుంది. ఆ తరువాత ఎర్రపొడి వస్తే ఇటుక. బూడిద రంగే వస్తూ డ్రిల్లు ముందుకు పోవడానికి మొరాయిస్తే కాంక్రీటు. ఇక్కడ ఒక మోసం ఉంది: ఫ్లై యాష్ ఇటుక పొడి కూడా బూడిద రంగే, కానీ డ్రిల్లు సులువుగా దిగిపోతుంది. రంగొక్కటే చూసి నమ్మితే పొరపడతారు, చేతికి తగిలే గట్టిదనం కూడా చూడాలి.

పిల్లరుకైతే 12 మి.మీ. యాంకర్ బోల్టు (బిగించేకొద్దీ రంధ్రంలో రెక్కలు విచ్చుకుని పట్టుకునే రకం), కొసన మూసుకున్న రింగు ఉన్నది. తెరిచి ఉన్న హుక్కులు బరువుకు మెల్లగా విచ్చుకుంటాయి. కాంక్రీటులోకి కనీసం 3 అంగుళాలు దిగాలి, గిలాబు మందం దీనికి అదనం. పిల్లరు అంచున వేస్తే కాంక్రీటు పగిలి పెళ్ళ ఊడుతుంది, మూలన నిలువు కమ్మీలు కూడా తగులుతాయి. తొమ్మిదంగుళాల పిల్లరుకు సరిగ్గా నడుమ వేయండి. కమ్మీ తగిలితే కోయకండి, రెండంగుళాలు పైకో కిందికో జరగండి. రంధ్రంలో పొడి ఊది, బ్రష్షుతో తుడిచి, మళ్ళీ ఊదండి. చాలామంది ఎగ్గొట్టేది ఈ పనే. పొడి మిగిలితే బోల్టు రెక్కలు కాంక్రీటును పట్టుకోవు, పొడిని పట్టుకుంటాయి. స్పానరు పెట్టి బిగించేటప్పుడు బోల్టు తిరుగుతూనే ఉంటే పట్టనట్టే. తీసేసి వేరే చోట వేయాలి.

ఇటుక గోడలో యాంకర్ బోల్టు బిగిస్తే అది వ్యాకోచించి ఇటుకనే చీలుస్తుంది. అక్కడ పద్ధతి వేరు. 12 మి.మీ. మరల కడ్డీ గోడకు ఆ పక్క నుంచి ఈ పక్కకు దూర్చి, బయటివైపు ఆరుకు ఆరు అంగుళాల ఇనుప పలక, అదీ 6 మి.మీ. మందంది, వేసి నట్టు బిగించాలి. అప్పుడు లాగుడు ఒక్క ఇటుక మీద పడకుండా చుట్టుపక్కల ఇటుకలన్నీ పంచుకుంటాయి. బయట వాన పడే గోడైతే పలక చుట్టూ సీలెంటు పూయండి, లేకపోతే వర్షాకాలంలో ఆ రంధ్రంలోంచే గోడ చెమ్మ పడుతుంది.

ఓడలరేవు, అంతర్వేది వైపు, యానాం పక్కన ఉన్నవాళ్ళకు ప్రత్యేకంగా: ఉప్పుగాలికి మామూలు జింకు పూత ఎక్కువ కాలం ఆగదు. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టూ గొలుసూ వాడండి. స్లాబు పెచ్చులూడి కమ్మీలు కనబడుతున్న ఇంట్లో పై నుంచి ఏదీ వేలాడదీయవద్దు.

అంతా అయ్యాక మనిషికంటే ముందు బియ్యం పడుకోవాలి. 25 కిలోల బస్తాలు ఐదు, ఒక్కొక్కటిగా మెల్లగా ఊయలలో వేసి, బోల్టు చుట్టూ గోడ మీద పెన్సిలుతో గీత గీసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకు బోల్టు గీత దాటి వెంట్రుకవాసి జరిగినా, చుట్టూ కొత్త పగులు కనబడినా ఆ చోటు పనికిరాదు.

ప్రశ్న: అద్దె ఇల్లు. ఇంటివాళ్ళు గోడకి మేకు కూడా కొట్టనివ్వరు. మాకేమైనా దారి ఉందా?
— ఒక ఉద్యోగిని, తణుకు

జవాబు: ఉంది. గోడను లోపలికి లాగే ఆ 60 కిలోలను ఒక పైపు మీదికి మళ్ళించేయడమే. ఒకటిన్నర అంగుళాల బి-క్లాసు (మధ్యరకం మందం) జీఐ పైపు, అంటే జింకు పూత ఇనుప పైపు, తొమ్మిదిన్నర అడుగులది తీసుకోండి. రెండు కొసల దగ్గరా రెండేసి అంగుళాలు వదిలి రంధ్రం వేయించి 10 మి.మీ. బోల్టు బిగించండి. బోల్టుకూ బోల్టుకూ మధ్య 9 అడుగుల రెండంగుళాలు వస్తుంది, పదకొండు అడుగుల ఊయలకు అదే సరైన దూరం. ఊయల కొసలు ఆ బోల్టులకు తగిలిస్తే అది లాగే లాగుడంతా పైపే నొక్కుడుగా మోస్తుంది. ఇక మిగిలేది పైపును రెండు చివరలా ఎత్తి నిలబెట్టడమే.

దానికి రెండు ముక్కాళ్ళు. ఒక్కోదానికి మూడేసి సరుగుడు బాదులు, ఐదున్నర అడుగుల పొడవువి, చేతి మణికట్టంత లావు. పైన తాడుతో నాలుగైదు చుట్లు వేసి, కర్రల మధ్య నుంచి అడ్డంగా రెండు చుట్లు వేసి బిగించండి. కింద కాళ్ళ మధ్య మూడున్నర అడుగుల ఎడం. టైల్స్ మీద, గ్రానైటు మీద కాళ్ళు జారిపోతాయి, కాబట్టి మూడు కాళ్ళనూ కింద తాడుతో ఒకదానికొకటి కట్టి, రబ్బరు బుడిపెలు తొడగండి. పైపు నేలకు 4 అడుగుల 9 అంగుళాల ఎత్తులో కూర్చోవాలి. లేచి కూర్చునేటప్పుడు తల పైపుకు తగులుతుంది, తప్పకుండా తగులుతుంది. మధ్యలో మూడడుగుల మేర పాత తువ్వాలు చుట్టి కుట్టేయండి.

ఇందులో ఊగడం కుదరదు, పడుకోవడమే. గట్టిగా ఊగితే ముక్కాలి నడుస్తుంది. విప్పితే ఏడు కర్రలు, తలుపు వెనక నిలబెట్టేసుకోవచ్చు.

ప్రశ్న: లంకలో పాత పెంకుటిల్లు మాది. తాటి దూలాలు. వాటికి తాడు వేసి కట్టుకోవచ్చా? వసారా స్తంభాలకి కడితే ఇంకా గాలి వస్తుంది కదా అని మావయ్యగారు అంటున్నారు.
— ఒక గృహిణి, పి.గన్నవరం మండలం

జవాబు: దూలాలకు కట్టొచ్చు, చూసి కట్టాలి. వాసాలకు వద్దు. గోడలోకి దూలం దూరే చోట చెమ్మ పట్టి చెదలు మొదలవుతుంది, నడుమ చూడ్డానికి ఇనుములా ఉంటుంది. కాబట్టి పరీక్ష ఆ కొసల దగ్గరే. సుత్తి వెనక పక్కతో తట్టండి. గట్టి తాటి మాను ఖంగుమంటుంది, చెదలు తిన్నది డొల్ల శబ్దం ఇస్తుంది. తరువాత స్క్రూడ్రైవరు మొనతో పొడవండి. పావు అంగుళం కంటే లోపలికి దిగితే దాని జోలికి పోవద్దు. వరద నీళ్ళు ఇంట్లో నిలిచి తీసిన ఏడాదైతే దూలాలు కూర్చున్న గోడను కూడా చూడాలి. మట్టి అడుసు మీద కట్టిన గోడలు నాని వదులవుతాయి.

మేకు, బోల్టు ఏదీ వద్దు. దూలం చుట్టూ గోనె ముక్క రెండు మడతలు వేసి, దాని మీద తాడు మూడు చుట్లు చుట్టి ముడి వేయండి. గోనె లేకపోతే దూలం అంచు తాడును రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. రెండు దూలాల మధ్య తొమ్మిది నుంచి పన్నెండు అడుగుల ఎడముంటే చాలు. దూలం ఎత్తులో ఉంటుంది కాబట్టి తాడు పొడవు ఎక్కువ పడుతుంది, వాలు కూడా నిట్టనిలువుగా వస్తుంది. ఇలాంటి చోట 83 వంతుల సన్న తాడు సరిపోదు, అది కొసలు దూరం జరగకుండా ఆపుతుంది కానీ దగ్గరకు రాకుండా ఆపలేదు. అద్దె ఇంటికి చెప్పిన పైపులాంటిది కొసల మధ్య లేకపోతే రెండు కొసలూ దగ్గరకొచ్చి ఊయల సంచిలా ముడుచుకుంటుంది.

మావయ్యగారికి నచ్చజెప్పండి. వసారాలో చెక్క స్తంభాలు చాలా ఇళ్ళలో కింద రాతి పీట మీద ఊరికే నిలబడి ఉంటాయి, పై బరువే వాటిని కదలకుండా పట్టి ఉంచుతుంది. నిలువు బరువు ఎంతైనా మోస్తాయి కానీ పక్కనుంచి 60 కిలోలు లాగితే పాదం పీట మీద జరుగుతుంది. స్తంభం జరిగితే చూరు దిగుతుంది.

ప్రశ్న: మా ఊళ్ళో కొబ్బరి తాడు కావలసినంత దొరుకుతుంది. దాంతోనే కట్టొచ్చు కదా?
— ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: పందిరికి కట్టండి, మనిషికి వద్దు. కొబ్బరి పీచు మందంగా కనబడినంత బలంగా ఉండదు. పదే పదే తడిసి ఆరేకొద్దీ లోపల్లోపలే పాడవుతుంది, పైకి తెలియదు. తెగేటప్పుడు ముందుగా చెప్పదు. 10 మి.మీ. పాలిస్టర్ తాడు వాడండి. నైలాన్ బలమైనదే కానీ సాగుతుంది. రాత్రి 18 అంగుళాల ఎత్తులో పడుకుని తెల్లారేసరికి నేలకు ఆనుకుంటారు. నీలం, పసుపు రంగుల్లో వచ్చే చవక ప్లాస్టిక్ తాడుకు ముడి నిలవదు, ఎండకు పెళుసెక్కుతుంది.

ప్రశ్న: కొనడం కాకుండా ఇంట్లోనే కుట్టుకోవాలంటే ఏ గుడ్డ, ఎంత? పాత చీరలు సరిపోతాయా?
— ఒక దర్జీ, బండారులంక

జవాబు: చేనేత ఊళ్ళో ఉండి అడిగారు కాబట్టి గుడ్డ మీకు వేరే చెప్పక్కర్లేదు. దుప్పటి నేత నేసిన మందపాటి నూలు గుడ్డ, 5 అడుగుల పన్నా, మూడుముప్పావు మీటర్లు. ముందు ఒకసారి ఉతికి ఆరేశాకే కొలవండి, నూలు ముడుచుకుంటుంది. రెండు కొసల దగ్గరా ఒకటిన్నర అంగుళాలు మడిచి గొట్టంలా కుట్టండి. కుట్టు రెండు వరసలు, పాలిస్టర్ దారం, మొదట్లో చివర్లో వెనక్కి తిప్పి కుట్టడం మరవద్దు. తయారయ్యాక పదకొండు అడుగులకు అటూ ఇటుగా ఉంటే చాలు. పొడవు అంచులకు సన్న మడత సరిపోతుంది, అక్కడ బరువు పడదు.

గొట్టంలోంచి అదే 10 మి.మీ. తాడు దూర్చి, గుడ్డను కుచ్చుగా దగ్గరకు లాగి ముడి వేయండి. గొట్టం కుట్టకుండానే చేసే పద్ధతి కూడా ఉంది. గుడ్డ కొసను కుచ్చుగా పట్టి వెనక్కి మడిచి, దాని చుట్టూ తాడుతో వల అల్లేవాళ్ళు వేసే ముడి వేస్తే చాలు. బరువు పడేకొద్దీ బిగుస్తుంది, విప్పాలంటే సులువుగా వస్తుంది. జాలర్ల ఇళ్ళల్లో చిన్నపిల్లలకు కూడా ఆ ముడి వచ్చు.

పాత చీర పెద్దవాళ్ళకు వద్దు. పన్నా నాలుగడుగులకు లోపే, ఏటవాలుగా పడుకోవడానికి చోటు చాలదు. పైగా కట్టి కట్టి నలిగిన చోట పట్టు వదిలేసి ఉంటుంది. పాత చేపల వల కూడా అడిగారు కొందరు. చర్మం మీద గళ్ళు పడతాయి, పైజమా గుండీలు చిక్కుకుంటాయి. దుప్పటి పరిస్తే పగటిపూట కునుకుకు పనికొస్తుంది.

ప్రశ్న: దోమలు కింద నుంచి కూడా కుడుతున్నాయండి! దోమతెర ఎలా కట్టాలి?
— ఒక పాఠకురాలు, ఆకివీడు

జవాబు: చుట్టూ చేపల చెరువులున్న ఊరు, అడగకుండా ఎలా ఉంటారు. బిగుతుగా ఒంటికి ఆనుకున్న పల్చటి గుడ్డలోంచి దోమ ముల్లు సులువుగా దిగుతుంది. లోపల ఒక దుప్పటి పరిస్తే కుట్టు తగ్గుతుంది, పోదు.

మంచం దోమతెర దీనికి సరిపోదు, ఊయల పొడవెక్కువ. తెర గుడ్డ పది అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు వచ్చేలా కుట్టించండి. ముందు చెప్పిన సన్న తాడు మీదుగా రెండు పక్కలకూ సమానంగా వేలాడదీయండి, నేల మీద ఆరేసి అంగుళాలు పడాలి. రెండు కొసలా నాడా దూర్చి ఊయల తాడు చుట్టూ బిగించి కట్టండి. పైన తాడుకు అడ్డంగా అడుగున్నర పుల్లలు రెండు కడితే తెర మొహానికి తగలకుండా విచ్చుకుంటుంది. కింది అంచుకు ఇసుక నింపిన సన్న గుడ్డ గొట్టం కుట్టేస్తే నేలకు అతుక్కుని ఉంటుంది. పడుకునే ముందు ఊయల కింద టార్చి వేసి చూసుకోండి, లోపల చిక్కుకున్న ఒక్క దోమ చాలు.

దోమల చక్రం ఊయల కింద వెలిగించవద్దు. రాత్రి దుప్పటి కొస జారి దాని మీద పడితే కింది నుంచి గాలి, మీద నూలు గుడ్డ. చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఎండాకాలం హాయిగా ఉంది. ధనుర్మాసం వచ్చేసరికి రెండు దుప్పట్లు కప్పుకున్నా వీపు చల్లబడుతోంది. ఎందుకు?
— ఒక విద్యార్థి, నరసాపురం

జవాబు: వేసవిలో హాయిగా ఉన్నదీ అందుకే. కింద పరుపు లేదు, వీపుకు గాలి తగులుతుంది. చలికాలంలో అదే ఎదురు తిరుగుతుంది. కింద పరుచుకున్న దుప్పటి ఒంటి బరువుకు నలిగి పల్చనైపోతుంది, అందులో గాలి నిలవదు, వేడీ నిలవదు. కప్పుకోవడం కాదు, ఊయలకు బయట, అడుగున ఒక బొంత వేలాడదీయండి. నాలుగు మూలలకూ ఎలాస్టిక్ నాడాలు కుట్టి కొసల తాళ్ళకు కడితే బొంత ఊయల అడుగును ఆనీ ఆననట్టు ఉంటుంది, నలగదు. మన వైపు చలికి అది చాలు. ఏసీ గదిలో పడుకునేవాళ్ళకూ ఇదే.

ప్రశ్న: నాన్నగారికి అరవై ఎనిమిది, నడుం నొప్పి. ఊయలలో పడుకుంటే తగ్గుతుందని ఎవరో చెప్పారు.
— ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: తగ్గుతుందని మేం చెప్పం. డిస్కు జారినవాళ్ళు, మోకాలి లేదా తుంటి ఆపరేషన్ అయినవాళ్ళు, కళ్ళు తిరిగే జబ్బున్నవాళ్ళు డాక్టరును అడగందే ఎక్కకూడదు. అవేవీ లేకపోతే మధ్యాహ్నం అరగంట పడుకోబెట్టి చూడండి. ఎత్తు 20 అంగుళాలు పెట్టండి, లేవడం తేలిక. ఎక్కేటప్పుడు ఊయలకు వీపు చేసి నిలబడి, వెనక అంచును చేత్తో లాగి గుడ్డ బాగా పరిచి, సరిగ్గా నడుమ కూర్చోవాలి. ముందు తల వాల్చి, తరువాత కాళ్ళు ఎత్తాలి. చాలామంది మోకాలు ముందు పెట్టి మంచం ఎక్కినట్టు ఎక్కబోతారు, ఊయల తిరగబడేది అప్పుడే. దిగేటప్పుడు రెండు కాళ్ళూ ఒకే పక్కకు దించి, పాదాలు నేలకు ఆనాకే లేవాలి. చేతికి అందేలా బరువైన కుర్చీ ఒకటి ఉండాలి. రాత్రి రెండు మూడు సార్లు లేచే అలవాటుంటే మంచమే మేలు.

ప్రశ్న: బాబుకి నాలుగు నెలలు. మాతోపాటు ఊయలలో పడుకోబెట్టుకోవచ్చా?
— ఒక తల్లి, రావులపాలెం

జవాబు: వద్దమ్మా. వంపు గుడ్డలో చంటిబిడ్డ గడ్డం గుండెకు ఆనుకుంటే ఊపిరి దారి మూసుకుపోతుంది, బిడ్డ ఏడవను కూడా ఏడవలేదు. పక్కన పెద్దవాళ్ళుంటే గుడ్డ వాళ్ళవైపు వాలి బిడ్డ కిందికి జారుతుంది. చీర ఉయ్యాల మన ఇళ్ళలో తరాలుగా ఉన్నదే. పగలు ఎదురుగా కూర్చుని ఊపుతున్నంతసేపే దాన్ని ఉంచండి. రాత్రి చదునుగా, గట్టిగా ఉన్న పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టండి. కొంచెం పెద్ద పిల్లలు ఊయలను మెలితిప్పి ఆడుకుంటారు, అది మెడకు చుట్టుకుంటుంది. సన్న దారాల వల ఊయలలు పిల్లల ప్రాణాలు తీసినందుకు 1996లో అమెరికాలో వాటిని దుకాణాల నుంచి వెనక్కి తెప్పించారు. పగలు ఊయల విప్పి పైకి తగిలించేయడం ఇంట్లో పిల్లలుంటే తప్పదు.

ప్రశ్న: ఇది పిక్నిక్ సరదానా, లేక ఎక్కడైనా జీవితమంతా దీంట్లోనే పడుకునేవాళ్ళున్నారా?
— ఒక పాఠకుడు, కొత్తపేట

జవాబు: ఉన్నారు. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో, బ్రెజిల్ ఈశాన్య రాష్ట్రాల్లో ఇల్లు కట్టేటప్పుడే పడకగది గోడల్లో ఊయల కొక్కేలు అమర్చుతారు. అమెజాన్ నది మీద రోజుల తరబడి పోయే పడవల్లో ప్రయాణికులు ఎవరి ఊయల వాళ్ళు తెచ్చుకుని డెక్కు మీద వరసగా కట్టుకుంటారు. మన పాపికొండల లాంచీలో ఆ దృశ్యం ఊహించుకోండి. హ్యామక్ అన్న మాట కరీబియన్ దీవుల టైనో ప్రజలది. 1492లో అక్కడికి చేరిన కొలంబస్ మనుషుల ద్వారా యూరపుకు, అక్కడి నుంచి ఓడల్లోకి వెళ్ళింది. యుకటాన్, బ్రెజిల్, కరీబియన్ దీవులు, అన్నీ మనలాగే ఉక్కపోత నేలలు.

ప్రశ్న: కదిలినప్పుడల్లా కిర్రు కిర్రుమంటోంది. ఇంట్లో అందరికీ నిద్ర పాడు.
— ఒక పాఠకుడు, ముమ్మిడివరం

జవాబు: ఇనుము మీద ఇనుము రాసుకోవడమే. కొబ్బరి నూనె రాస్తే రెండు రోజులు ఊరుకుంటుంది, తరువాత దుమ్ము పట్టి ఇంకా ఎక్కువ అరుస్తుంది. కొక్కేనికి గొలుసు లింకు తగిలే చోట గ్రీజు చిటికెడు పెట్టండి. దానికంటే నయం, లింకుకు కొక్కేనికి మధ్య 10 మి.మీ. తాడు ఉచ్చు వేయడం. శబ్దం ఉండదు. ఆ ఉచ్చు మాత్రం నెలకోసారి విప్పి, వంగిన చోట పోగులు లేచాయేమో చూసి, లేస్తే మార్చేయండి.